పాత కారు హెడ్‌లైట్లు: వెలుగు ఎక్కడ పోతోంది?



మన దేశపు కార్ల చరిత్రలో 2014 గుర్తుండిపోయే సంవత్సరం. ఆ ఏడాది జనవరిలో మారుతి 800 తయారీ ఆగింది. మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది. తయారీ ఆగిందే గానీ బండ్లు ఆగలేదు. పెళ్లికొడుకు ఊరేగింపు కోసం పూలు కట్టించుకునే అంబాసిడర్లు, ఊళ్లలో డాక్టర్లూ మాస్టార్లూ తండ్రుల కాలం నుంచి జాగ్రత్తగా చూసుకుంటున్న మారుతి 800లు, జెన్‌లు, ఓమ్నీలు, శాంట్రోలు ఇప్పటికీ మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. అది దాటాక బండిని చూపించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుని మరీ నడుపుకుంటున్నవాళ్లు ఎందరో. ఇంజను విప్పించి బాగుచేయిస్తారు, టైర్లు మారుస్తారు, సీట్లు కొత్తగా కుట్టిస్తారు. రాత్రి ప్రయాణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెనకాడతారు. "పగలైతే ఎంత దూరమైనా పోతుందండీ, చీకటి పడితే రోడ్డు ఆనదు" అంటారు.

ఈ మాటకు స్పేర్ పార్టుల దుకాణంలో దొరికే జవాబు ఒక్కటే. "ఎల్‌ఈడీ వేయించెయ్యండి సార్, పట్టపగల్లా ఉంటుంది." పది నిమిషాల్లో పాత బల్బు పోయి కొత్త ఎల్‌ఈడీ వస్తుంది. ఎదురుగా ఉన్న గోడ తెల్లగా మెరిసిపోతుంది. యజమాని సంతోషంగా ఇంటికి వెళ్తాడు. ఆ రాత్రి నుంచి ఎదురొచ్చే ప్రతి బండివాడికీ కళ్లు బైర్లు కమ్ముతాయి. తన రోడ్డు మాత్రం అతను అనుకున్నంత బాగుపడదు. ఎందుకు బాగుపడదు, అసలు పాత బండిలో వెలుతురు ఎక్కడ తగ్గిపోతోంది, దాన్ని వెనక్కి తెచ్చుకునే దారేది అన్నదే ఈనాటి ప్రసంగం.

ముందు ఒక చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి ముందుకు గేదె అడ్డొచ్చిందనుకుందాం. కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఆలోపే బండి 25 మీటర్లు పోతుంది. తర్వాత, రోడ్డు పొడిగా ఉండి బ్రేకులు బాగుంటే, ఆగడానికి ఇంకో 23 మీటర్లు కావాలి. మొత్తం 50 మీటర్లకు కాస్త తక్కువ. అదే 80 కిలోమీటర్ల వేగమైతే 75 మీటర్ల దాకా పడుతుంది. వాన పడి ఉంటే ఇంకా ఎక్కువ. అంటే డ్రైవరుకు కనీసం అంత దూరం రోడ్డు కనపడాలి. చాలా పాత బండ్ల లో బీమ్ 30, 40 మీటర్లు దాటి వెలుతురు పంపలేని స్థితిలో ఉంటుంది. మన రోడ్ల మీద రాత్రిపూట ఎదురయ్యేవి ఏమిటి? వెనక రిఫ్లెక్టరు లేని చెరకు ట్రాక్టరు ట్రాలీ, సగం రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టిన వడ్లు, నల్లటి తారు మీద పడుకున్న నల్లటి గేదె. వీటిలో ఏదీ తనంతట తాను వెలగదు. బండి లైటు పడితేనే కనపడుతుంది.

లో బీమ్‌లో కనపడనివాడు ఏం చేస్తాడు? హై బీమ్ వేసుకుని వదిలేస్తాడు. ఎదుటివాడు డిప్పర్ కొట్టినా దించడు, దించితే తనకు రోడ్డు కనపడదు కాబట్టి. దీన్ని అందరూ మర్యాదలేనితనం అంటారు. నిజానికి చాలాసార్లు అది బండి జబ్బు. జాతీయ రహదారుల డివైడర్ల మీద గన్నేరు పొదలు వరుసగా పెంచేది అందానికి మాత్రమే కాదు, ఎదుటి లైట్లు కళ్లలో పడకుండా అడ్డుపడటానికి కూడా. డివైడరు లేని రెండు వరసల రోడ్డు మీద, మండల కేంద్రం నుంచి ఊరికి పోయే దారిలో, ఆ పొదలు కూడా ఉండవు. అక్కడ లో బీమ్ బాగున్న ప్రతి బండీ ఎదుటివాడికి చేసే ఉపకారమే.

ఇక దీపం లోపలికి వెళ్దాం. షెడ్డులో మేస్త్రీలు డూమ్ అని పిలిచే హెడ్‌లైటులో మూడు భాగాలు. వెలుతురు పుట్టించే బల్బు, దాన్ని పోగుచేసి ముందుకు పంపే రిఫ్లెక్టరు, ముందున్న అద్దం. అమెరికాలో 1940 నుంచి ఈ మూడూ కలిపి మూసేసిన సీల్డ్ బీమ్ దీపాలు వచ్చాయి. ఏడంగుళాల గుండ్రటి దీపం. లోపల తీగ తెగితే మొత్తం డూమ్ పారేసి కొత్తది బిగించేవారు. వృథా అనిపించినా అందులో ఒక మేలుంది. తీగతో పాటు రిఫ్లెక్టరూ అద్దమూ కూడా కొత్తవి వచ్చేవి. తర్వాత యూరప్‌లో 1962లో హాలోజన్ బల్బు వచ్చింది. 1971లో లో బీమ్‌కు ఒక తీగ, హై బీమ్‌కు ఒక తీగ, రెండూ ఒకే గాజులో ఉన్న హెచ్4 బల్బు వచ్చింది. మన పాత కార్లలో చాలావాటిలో ఉన్నది ఇదే. బల్బు మాత్రం మార్చుకోవచ్చు. అదే సౌకర్యం, అక్కడే చిక్కు కూడా. బల్బు పదిసార్లు మారినా రిఫ్లెక్టరు మాత్రం ఇరవై ఏళ్ల నాటిదే.

హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని చూస్తే దాని తెలివి తెలుస్తుంది. లో బీమ్ తీగ కింద చిన్న లోహపు దొన్నె ఉంటుంది. ఆ తీగ వెలుతురు కిందికి పోకుండా అది ఆపుతుంది. పైకి పోయిన వెలుతురు మాత్రం రిఫ్లెక్టరు పై సగానికి తగిలి, కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. ఆ దొన్నె అంచును కొంచెం వాలుగా కోస్తారు. అందుకే మన దేశానికి చేసిన దీపంలో వెలుతురు కుడివైపు, అంటే ఎదురొచ్చే బండి వైపు, కిందికి ఉంటుంది. ఎడమవైపు, అంటే రోడ్డు అంచున నడిచేవాళ్ల వైపు, కొంచెం పైకి లేస్తుంది. ఈ ఏర్పాటంతా కొన్ని మిల్లీమీటర్ల తీగ సరిగ్గా ఉండాల్సిన చోట ఉండటం మీద ఆధారపడి ఉంది. తీగ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా 50 మీటర్ల అవతల వెలుతురు ఎక్కడో పడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎల్‌ఈడీ దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

పాత బండిలో వెలుతురు తగ్గే మొదటి చోటు డూమ్ కాదు, వైరింగ్. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్ పక్క వీధుల్లోనో, గాజువాకలోనో పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి బండి తీసుకెళ్తే అతను ముందు బల్బు మార్చడు. ఇంజను స్టార్ట్ చేయించి, లైట్లు వేయించి, మల్టీమీటరు తీస్తాడు. బ్యాటరీ మీద పెడితే 13.8 చూపిస్తుంది. తర్వాత డూమ్ వెనక రబ్బరు టోపీ పక్కకు లాగి, హోల్డరు వెనక పిన్నులకు మీటరు సూదులు ఆనిస్తాడు. బల్బు వెలుగుతూ ఉండగానే కొలవాలి. లైటు ఆపి కొలిస్తే అసలు సంగతి బయటపడదు. అక్కడ మీటరు 11.5 చూపిస్తుంది. ఇరవై ఏళ్ల బండిలో ఈ అంకె చూసి ఆ పనివాళ్లెవరూ ఆశ్చర్యపోరు. రెండు వోల్టులకు పైగా దారిలోనే ఖర్చయిపోయింది.

రెండు వోల్టులేగా అనిపిస్తుంది. కానీ హాలోజన్ తీగ వెలుతురు వోల్టేజీకి సమానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. హెచ్4 బల్బు వెలుతురును ప్రామాణికంగా 13.2 వోల్టుల దగ్గర కొలుస్తారు. లో బీమ్ 1,000 ల్యూమెన్లు, హై బీమ్ 1,650. అదే బల్బుకు 12 వోల్టులు అందితే వెలుతురు 72 శాతానికి దిగుతుంది. 11 వోల్టులే అందితే 54 శాతం, అంటే సగానికి కాస్త ఎక్కువ. రంగు కూడా పచ్చబడి, మరీ తగ్గితే ఎర్రబడుతుంది. పాత బండి ఎదురొస్తుంటే దాని లైట్లు కిరోసిన్ బుడ్డిలా కనపడటానికి కారణం చాలాసార్లు ఇదే. బల్బులో ఏ లోపమూ లేదు. దానికి అందాల్సింది అందడం లేదు.

వోల్టులు ఎక్కడ పోయాయి? పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటు అంతా స్విచ్చి గుండానే పోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బాక్సుకు, అక్కడి నుంచి లైటు స్విచ్చికి, స్విచ్చి నుంచి డిమ్మరుకు, డిమ్మరు నుంచి మళ్లీ ముందుకు, కప్లర్లు దాటి డూమ్‌కు. పాత అంబాసిడర్లలో డిమ్మరు కాలి దగ్గర, క్లచ్ పక్కన ఉండేది. బురద కాళ్లు, వాన నీళ్లు అన్నీ దాని మీదే. రెండు 55 వాట్ల బల్బులకు దాదాపు 9, 10 ఆంపియర్లు కావాలి. సన్నటి తీగలు, నల్లబడిన స్విచ్చి కాంటాక్టులు, పచ్చ కిలుము పట్టిన కప్లర్లు అంత కరెంటును ఇబ్బంది పడుతూ పంపుతాయి. ప్రతి చోటా కొంత వేడిగా మారిపోతుంది. దీనికి తోడు బాడీకి బిగించిన ఎర్త్ తీగ కింద తుప్పు. చాలామంది ఎర్త్ సంగతి మరిచిపోతారు. బ్యాటరీ మైనస్ నుంచి హోల్డరు ఎర్త్ పిన్నుకు మీటరు పెట్టి కొలిస్తే 0.2 వోల్టులకు మించి చూపించకూడదు. ఎక్కువ చూపిస్తే ఆ బోల్టు విప్పి, కింది తుప్పు రుద్ది, కొత్త లగ్గు వేసి బిగిస్తే చాలు, బీమ్‌లో తేడా కళ్లకు కనపడుతుంది.

పెద్ద మందు రిలే. పాత కారు హెడ్‌లైట్లకు చేయించగల మార్పుల్లో దీనంత విలువైనది మరొకటి లేదు. బ్యాటరీ నుంచి లావుపాటి తీగ, అంటే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, నేరుగా డూమ్‌ల దగ్గరికి వస్తుంది. మధ్యలో లో బీమ్‌కు ఒక రిలే, హై బీమ్‌కు ఒక రిలే. పాత వైరింగు, పాత స్విచ్చి అలాగే ఉంటాయి. కానీ ఇప్పుడు వాటి పని బల్బును వెలిగించడం కాదు, రిలేను లేపడం. దానికి 0.2 ఆంపియర్ లోపే సరిపోతుంది. స్విచ్చికి బరువు దిగిపోతుంది, బల్బుకు పూర్తి వోల్టేజీ అందుతుంది. రిలే మీద నాలుగు పిన్నులకు అంకెలుంటాయి. 30కి బ్యాటరీ తీగ, 87 నుంచి బల్బుకు, 85, 86 స్విచ్చి నుంచి వచ్చే సంకేతానికి. బిగించేటప్పుడు ఒక్క విషయంలో పట్టుబట్టాలి. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పనిసరిగా ఉండాలి. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బండి తగలబడుతుంది. రెడీమేడ్ హార్నెస్ కొన్నా, మేస్త్రీ చేతితో కట్టించుకున్నా, ముందు ఫ్యూజు ఎక్కడుందో చూడండి.

వెలుతురు తగ్గే రెండో చోటు అద్దం. అంబాసిడర్, పద్మిని, మొదటి మారుతి 800ల మీద ఉన్నది అసలైన గాజు. ఎన్నేళ్లయినా పచ్చబడదు, రాళ్లకు గీతలు పడొచ్చు అంతే. తర్వాతి కాలపు కార్లలో గాజు పోయి పాలీకార్బొనేట్ వచ్చింది. తేలిక, పగలదు, కావలసిన ఆకారంలో పోత పోయొచ్చు. కానీ ఎండకు దాని మీది పూత పాడైపోయి, అద్దం పసుపు పచ్చగా, మసకగా మారుతుంది. మన ఎండల్లో నీడ లేకుండా నిలబెట్టిన బండికి ఇది ఇంకా తొందరగా వస్తుంది. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పాతబడిన టొయోటా క్యామ్రీ, కరోలా దీపాలను పరీక్షించి చూసింది. మసకబారిన డూమ్ లో బీమ్ వెలుతురు కొత్త దానిలో ఐదో వంతుకు పడిపోయినట్లు తేలింది. రుద్ది మెరుగు పెడితే 70 శాతం దాకా తిరిగి వచ్చింది. చదువుకోసం అమెరికా వెళ్లిన మన పిల్లలు మొదట కొనే కారు చాలాసార్లు పాత క్యామ్రీనో, కరోలానో. వాళ్లకు ఇది పనికొచ్చే సంగతి.

రుద్దడం ఇంట్లోనే చేసుకోవచ్చు. చుట్టూ పెయింటు మీద టేపు అంటించి, నీళ్లు చల్లుతూ ముందు 800 నంబరు వాటర్ పేపరుతో, తర్వాత 1,500తో, 2,000తో, చివర 3,000తో రుద్దాలి. ఒక నంబరు పేపరు అడ్డంగా నడిపితే తర్వాతిది నిలువుగా నడపాలి. అప్పుడు ముందు పేపరు గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. ఆపైన రబ్బింగ్ కాంపౌండ్. ఇక్కడితో ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్లీ పచ్చబడుతుంది, ఎండ నుంచి కాపాడే అసలు పూతను మనమే రుద్దేశాం కాబట్టి. దాని బదులు యూవీ క్లియర్ కోటు కొట్టాలి. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా పైపైన మెరుపు తెస్తుంది, పూత మాత్రం ఇవ్వదు.

రిఫ్లెక్టరు సంగతి వేరు. దాని మీద ఉన్నది వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచనైన అల్యూమినియం పొర. లోపలికి తేమ చేరితే అది మచ్చలు పడుతుంది, బూడిద రంగుకు తిరుగుతుంది, పొలుసులుగా ఊడుతుంది. గుడ్డ పెట్టి తుడిస్తే ఉన్నదీ పోతుంది. టార్చి వేసి అద్దంలోంచి లోపలికి చూడండి. రిఫ్లెక్టరు అద్దంలా మెరవకుండా మబ్బుగా ఉంటే ఎంత గొప్ప బల్బు వేసినా దండగే. కొత్త డూమ్ కొనాల్సిందే. గుండ్రటి ఏడంగుళాల దీపాలున్న అంబాసిడర్, పద్మిని, మహీంద్రా జీపు యజమానులు ఈ విషయంలో అదృష్టవంతులు. ఆ కొలత ప్రపంచమంతా ఒకటే. హెచ్4 బల్బు పట్టే కొత్త డూమ్‌లు మంచి కంపెనీలవి తేలిగ్గా దొరుకుతాయి. పాత రింగులోనే సరిపోతాయి.

ఇక వాట్ల సంగతి. మన మార్కెట్‌లో 100/90 వాట్ల బల్బులు ఎప్పటి నుంచో అమ్ముతున్నారు. మామూలు 60/55 తీసేసి ఇవి వేస్తే వెలుతురు పెరిగేది నిజమే. పెరిగేది వెలుతురొక్కటే కాదు. రెండు 100 వాట్ల తీగలకు 16 ఆంపియర్లకు పైగా కావాలి. పాత స్విచ్చి కాలుతుంది, ప్లాస్టిక్ హోల్డరు కరిగి బల్బుకు అతుక్కుపోతుంది, ఆ వేడికి రిఫ్లెక్టరు పొర తొందరగా పాడవుతుంది. ఆల్టర్నేటరు కాకుండా డైనమో ఉన్న మరీ పాత బండ్లలో అయితే డైనమో ఇచ్చే ఇరవై, ఇరవై రెండు ఆంపియర్లలో ఎక్కువ భాగం ఈ బల్బులే తాగేస్తాయి. బ్యాటరీ రాత్రికి రాత్రే డీలా పడుతుంది. పైగా లో బీమ్‌లోనే 90 వాట్లు అంటే ఎదుటివాడికి చెరుపు. వాట్లు పెంచకుండా వెలుతురు కావాలనుకునేవారికి మంచి కంపెనీలు అదే 60/55లో తీగను మరింత కచ్చితంగా చుట్టిన బల్బులు చేస్తున్నాయి. అవి రోడ్డు మీదికి ఎక్కువ వెలుతురు పంపుతాయి, కాకపోతే మామూలు బల్బులకన్నా తొందరగా పోతాయి. రిలే వేసిన బండిలో వీటి తేడా బాగా తెలుస్తుంది. ఏది వేసినా జతగా మార్చాలి. బల్బు గాజును వేళ్లతో పట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి పగులుతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడిచి వేయాలి.

ఇప్పుడు ఎల్‌ఈడీ దగ్గరికి వద్దాం. ఎల్‌ఈడీ చెడ్డది కాదు. 2007లో లెక్సస్ ఎల్‌ఎస్ 600హెచ్ కారు లో బీమ్‌తో మొదలై ఇవాళ చిన్న కార్లదాకా వచ్చింది. ఆ కార్లలో రిఫ్లెక్టరు, లెన్సు అన్నీ ఎల్‌ఈడీ కోసమే గీసినవి. మన గొడవ వాటితో కాదు, హాలోజన్ కోసం చేసిన పాత డూమ్‌లో దూర్చే ఎల్‌ఈడీ బల్బుతో. హాలోజన్ తీగ సన్నటి గీత, చుట్టూ అన్ని వైపులా వెలుగుతుంది. ఎల్‌ఈడీ బల్బులో రెండు పక్కలా అతికించిన చదును చిప్పులుంటాయి. మధ్యలో వాటిని మోసే పలక మందం. వెలుతురు రెండు పక్కలకే ఎక్కువ పోతుంది. రిఫ్లెక్టరు దానికి అనువుగా గీసింది కాదు కనుక వెలుతురు దారితప్పి, కొంత చెట్ల కొమ్మల్లోకి, కొంత ఎదుటివాడి కళ్లలోకి, చాలా భాగం బండి ముందు పది, పదిహేను మీటర్లలోనే పడుతుంది. డ్రైవరును ఆకట్టుకునేది ఆ ముందు తెలుపే. దగ్గర్లో నేల అంత తెల్లగా ఉంటే కంటిపాప ముడుచుకుపోయి దూరం మరింత చీకటిగా కనిపిస్తుంది. రోడ్డు బాగా కనిపిస్తోందన్న నమ్మకం పెరుగుతుంది, నిజంగా కనిపించే దూరం పెరగదు. నమ్మకం పెరిగితే వేగం పెరుగుతుంది. అసలు ప్రమాదం అక్కడుంది.

జర్మనీ ఈ విషయాన్ని ఎలా చూసిందో గమనించదగ్గది. 2020లో ఆ దేశం హాలోజన్ బదులు వేసే ఒక ఎల్‌ఈడీ బల్బుకు తొలిసారి అనుమతి ఇచ్చింది. అందరికీ కాదు. ఏ కారు మోడల్‌లో, ఏ డూమ్‌లో పరీక్షించి సరిపోయిందని తేలిందో ఆ జాబితాలోని బండ్లకే. బల్బు ఒక్కదాన్ని చూసి అనుమతించలేదు, బల్బూ డూమూ కలిపి చూసింది. మన దుకాణాల్లో దొరికే పెట్టెల మీద అలాంటి జాబితా వెతికినా ఉండదు.

జినాన్ కిట్లది ఇంకా పెద్ద గొడవ. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చిన ఈ దీపాలు 35 వాట్లతోనే హాలోజన్‌కు మూడింతల వెలుతురిస్తాయి. అంత వెలుతురు కాబట్టే యూరప్ నియమాలు వాటికి బండి బరువును బట్టి తమంతట తాము దిగే ఏర్పాటు, అద్దాన్ని కడిగే ఏర్పాటు తప్పనిసరి చేశాయి. ఆ రెండూ లేని పాత డూమ్‌లో జినాన్ కిట్టు వేయడం నేరుగా తప్పు.

ఏడంగుళాల గుండ్రటి దీపాలున్నవారికి ఒక మంచి దారి ఉంది. డూమ్ మొత్తం ఎల్‌ఈడీగా తయారైనది కొనొచ్చు. అందులో లెన్సు, చిప్పు ఒకదానికొకటి తగినట్లు ఉంటాయి. అయితే ఇవి ఎక్కువగా అమెరికన్ జీప్ రాంగ్లర్ల కోసం చేసినవి. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి. ఆ దీపం వెలుతురు కుడివైపు పైకి లేస్తుంది, అంటే మన రోడ్ల మీద సరిగ్గా ఎదుటి డ్రైవరు ముఖంలోకి. కొనేముందు అద్దం మీది గుర్తులు చదవాలి. వలయంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన అంకె ఉంటే యూరప్ పరీక్ష దాటినట్లు. దాని దగ్గర అడ్డంగా ఒక బాణం గుర్తు ఉండాలి. దీపానికి ఎదురుగా నిలబడితే ఆ బాణం మన కుడిచేతి వైపు చూపిస్తే అది మనలా ఎడమవైపు నడిచే దేశాలకు చేసింది. బాణమే లేకపోతే కుడివైపు నడిచే దేశాలది. రెండు వైపులా బాణాలుంటే రెండింటికీ పనికొస్తుంది. ఇంత చిన్న గుర్తు చూడటం చాలామందికి తెలియదు, అమ్మేవాళ్లూ చెప్పరు.

రంగు గురించి కూడా ఒక మాట. హాలోజన్ వెలుతురు కాస్త పసుపు, దాదాపు 3,200 కెల్విన్. చవక ఎల్‌ఈడీలు 6,000, ఇంకా పైన, నీలి ఛాయతో ఉంటాయి. నీలి వెలుతురు కళ్లను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, అందులో వయసు మీద పడినవారిని, శుక్లాలు మొదలైనవారిని మరీను. తడిసిన రోడ్డు మీద తెల్లటి వెలుతురు తేలిపోయినట్లుందని లారీ డ్రైవర్లు చెప్పడం మామూలే. ఫ్రాన్స్‌లో 1930ల చివరి నుంచి 1993 దాకా కార్లకు పసుపు హెడ్‌లైట్లే చట్టం. నీలి రంగు పూసిన హాలోజన్ బల్బులైతే అసలు కొనకూడదు. ఆ పూత కొంత వెలుతురును మింగేస్తుంది.

చివరిగా అందరూ వదిలేసే పని, అలైన్‌మెంటు. కొత్త బల్బు, కొత్త డూమ్, రిలే, ఏది వేయించినా ఇది చేయించకపోతే పని సగమే. టైర్లలో గాలి సరిచూసి, చదునైన నేల మీద, గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో బండి నిలపాలి. నేల నుంచి డూమ్ మధ్య వరకు ఎత్తు కొలిచి, అంతే ఎత్తులో గోడ మీద సుద్దతో అడ్డగీత గీయాలి. దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత. లో బీమ్ వేస్తే వెలుతురు పై అంచు ఆ రెండో గీత మీద ఆగాలి. ఎడమ చివర కొంచెం పైకి లేస్తే అది సహజం. డూమ్ వెనకో పక్కనో ఉండే రెండు స్క్రూలలో ఒకటి పైకీ కిందికీ, ఒకటి పక్కలకీ తిప్పుతుంది. ఆ 10 సెంటీమీటర్లు ఎందుకంటే, డూమ్ 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ వాలుకు వెలుతురు 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. వాలు రెట్టింపైతే 32 మీటర్లకే ఆగిపోతుంది. వాలు లేకుండా తిన్నగా పెడితే ఎదుటివాడి అద్దంలోకి పోతుంది. వెనక నలుగురు కూర్చుని డిక్కీలో బియ్యం బస్తా వేస్తే బండి ముక్కు పైకి లేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 దాకా తిప్పే చిన్న చక్రం ఉన్న కార్లలో అప్పుడు దాన్ని పై అంకెకు తిప్పాలి. ఆ చక్రం అందుకే ఉంది.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది హెడ్‌లైటు వెలుతురు శాశ్వతంగా కిందికి వంగి ఉండాలంటుంది. దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడివైపున, నేలకు మీటరున్నర ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్లు చెదరకూడదు. ఆ ఎత్తు ఎదురొచ్చే మనిషి కంటి ఎత్తే. తయారీదారు ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిలో మార్పులు చేయడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. వైరింగు బాగుచేయించుకోవడం, అదే రకం కొత్త డూమ్ వేయించుకోవడం, అదే వాట్ల మంచి బల్బు వేసుకోవడం రిపేరు కిందికే వస్తాయి. జినాన్ కిట్లు, 100 వాట్ల బల్బులు ఆ గీత దాటుతాయి. ఒకప్పుడు ట్రాఫిక్ పోలీసులు హెడ్‌లైటు అద్దానికి నల్ల రంగు పూసేవారు, నల్ల చుక్క అంటించేవారు. అది వెలుతురును సరిదిద్దలేదు, కొంత ఆపింది అంతే. గోడ ముందు నిలబెట్టి రెండు స్క్రూలు తిప్పించి ఉంటే ఆ రంగుతో పనే లేకపోయేది.

ఖర్చు సంగతి చెప్పుకుంటే ఎర్త్ శుభ్రం చేయించడం, రిలే వేయించడం, వాటర్ పేపరు, మంచి బల్బుల జత కలిపినా చాలా ఊళ్లలో ఒక మంచి టైరు ధర దాటదు. కాబట్టి పాత కారున్న శ్రోతలకు ఒక విన్నపం. వానలు మొదలయ్యేలోపు ఒక సాయంత్రం బండిని షెడ్డుకు తీసుకెళ్లండి. దుకాణంలో ఎల్‌ఈడీ పెట్టె తెరవకముందే, "లైటు వెలుగుతుండగా హోల్డరు దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయో కొలిచి చూపించు" అని మేస్త్రీని అడగండి. ఆ అంకె 13కు తక్కువ ఉంటే ముందు వైరింగు బాగుచేయించండి. ఆ తర్వాతే బల్బు సంగతి ఆలోచించండి.